వస్తువుల్లో, ల్యాండ్‌ఫిల్‌లో మొక్కల కార్బన్‌ను నిలిపి ఉంచడం, లెక్కకట్టడం ఎలా

చెట్టు గాలి నుంచి తీసుకున్న కార్బన్, చెట్టు కొట్టిన రోజునే గాలిలోకి తిరిగి వెళ్ళిపోదు. దూలంగానో, తలుపుగానో, పుస్తకంగానో, అట్టపెట్టెగానో మారి కొంతకాలం వాడకంలో ఉంటుంది. వాడకం తీరాక చెత్తలో చేరి, ల్యాండ్‌ఫిల్‌లో మట్టి కింద ఇంకొంతకాలం ఉంటుంది. చాలాకాలం పాటు దేశాల ఉద్గారాల లెక్కల్లో ఈ మధ్యకాలాన్ని పట్టించుకోకుండా, నరికిన కలపలోని కార్బన్ అంతా నరికిన ఏడాదే గాలిలో కలిసిపోయినట్టు రాసుకునేవారు. 2011లో డర్బన్‌లో జరిగిన వాతావరణ సదస్సు, దేశాలు ఉద్గారాలు తగ్గించుకోవడానికి చేసుకున్న క్యోటో ఒప్పందం రెండో విడత కోసం ఈ పద్ధతిని మార్చి, వాడకంలో ఉన్న కలప ఉత్పత్తుల్లోని నిల్వను కూడా లెక్కించడానికి వీలు కల్పించింది. ల్యాండ్‌ఫిల్‌కు చేరిన కలపకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో ఈ వ్యాసంలో లెక్కలు వేసేటప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు తయారీ సంస్థలు కూడా తమ వస్తువుల మీద ‘ఇందులో ఇన్ని కిలోల కార్బన్ దాగి ఉంది’ అని రాసుకుంటున్నాయి. ఆ అంకె ఒక్కటే చాలదు. వస్తువులో కార్బన్ ఎంత ఉంది, ఎన్నాళ్ళు ఉంటుంది, చివరికి ఏ వాయువుగా బయటపడుతుంది అనే మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పగలిగినప్పుడే నిల్వ అనే మాటకు విలువ ఉంటుంది. మొదటి ప్రశ్నకు జవాబు తేలిక కాబట్టి అందరూ అక్కడే ఆగిపోతారు. అసలు పని మిగతా రెండిటిలో ఉంది.

ముడిసరుకు దగ్గర తేల్చుకోవలసినవి

అడవిలో ఉన్న కార్బన్‌ను తెచ్చి ఇంట్లో పెట్టడం వల్ల గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గదు. కొట్టిన చోట మళ్ళీ చెట్టు పెరిగి, అది గాలి నుంచి కొత్తగా కార్బన్ తీసుకున్నప్పుడే వస్తువులో ఉన్నది అదనపు నిల్వ అవుతుంది. దుంగలోని కార్బన్ అంతా వస్తువులోకి రాదని కూడా గుర్తుంచుకోవాలి. కోత మిల్లులో దుంగ ఘనపరిమాణంలో సగానికి అటూ ఇటూగా మాత్రమే సైజు కలపగా బయటికి వస్తుంది. మిగిలినది పొట్టు, బద్దలు, బెరడు రూపంలో పోతుంది, అందులో చాలా భాగం అక్కడికక్కడే పొయ్యిలో కాలిపోతుంది. కొమ్మలూ వేళ్ళూ అడవిలోనే కుళ్ళిపోతాయి. కాబట్టి తోటను తిరిగి నాటారా, కొట్టే వేగం పెరిగే వేగాన్ని మించకుండా ఉందా అనే ఆధారం సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోకుండా ముందుకు వెళ్ళకూడదు. ఆ కాగితం లేని కలపకు నిల్వ లెక్క వేయడమే అనవసరమని నా అభిప్రాయం.

రెండో విషయం, ఆ కార్బన్‌ను ఎవరి ఖాతాలో రాయాలన్నది. తోట యజమాని, బోర్డు తయారుచేసిన ఫ్యాక్టరీ, భవనం కట్టిన సంస్థ, చివరికి ల్యాండ్‌ఫిల్ నిర్వాహకుడు, ఈ నలుగురూ ఒకే కిలో కార్బన్‌ను తమదిగా చెప్పుకునే అవకాశం ఉంది. దేశాల స్థాయిలో కూడా ఇదే చిక్కు వచ్చింది. కలప ఎగుమతి అయితే దాని నిల్వ పండించిన దేశానిదా, వాడిన దేశానిదా అన్న ప్రశ్నకు వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘమైన ఐపీసీసీ మార్గదర్శకాలు ఒకటి కాదు, వేర్వేరు పద్ధతులు ఇచ్చాయి. సంస్థ స్థాయిలో చేయగలిగింది ఒక్కటే: నిల్వను ఎవరు చెప్పుకుంటారో కొనుగోలు ఒప్పందంలోనే రాసుకోవడం, చెప్పుకోని వారు తమ పత్రాల్లో దాన్ని కేవలం సమాచారంగా చూపించడం.

తేమ తీసేసి తూచడం

కలపలోని నీరు కార్బన్ కాదు. అందువల్ల లెక్క ఎప్పుడూ పొడి బరువుతోనే మొదలవుతుంది. పొడి కలప బరువులో దాదాపు సగం కార్బన్ ఉంటుంది. కలపలోని కార్బన్‌ను లెక్కించే యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 16449 కూడా ఈ సగం విలువనే తీసుకుంటుంది. ఉదాహరణకు గట్టి కలపతో చేసిన ఒక తలుపు రెక్క 30 కిలోలు తూగిందని, దాని తేమ 12 శాతమని అనుకుందాం. 30ని 1.12తో భాగిస్తే పొడి కలప 26.8 కిలోలు, అందులో కార్బన్ 13.4 కిలోలు. దీన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 44తో గుణించి 12తో భాగించాలి. సుమారు 49 కిలోలు వస్తుంది. తలుపు బరువు కన్నా దాచిన వాయువు బరువు ఎక్కువగా కనిపించడం చూసి కంగారు పడనక్కర్లేదు. గాలిలో ఉన్నప్పుడు ఒక్కొక్క కార్బన్ పరమాణువు వెంట రెండేసి ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి ఆ బరువు కూడా కలిసింది.

ఇక్కడ ఎక్కువమంది తప్పటడుగు వేసేది తేమ శాతం దగ్గరే. కలప వ్యాపారంలో తేమను పొడి బరువు మీద చెబుతారు. కాగితం, చెత్త రంగాల్లో మొత్తం తడి బరువు మీద చెబుతారు. తేమ 50 శాతం అని రాసి ఉన్న 100 కిలోల సరుకులో, మొదటి పద్ధతి ప్రకారం పొడి పదార్థం 66.7 కిలోలు ఉంటే రెండో పద్ధతి ప్రకారం 50 కిలోలే ఉంటుంది. అప్పుడే కొట్టిన దుంగకు పొడి బరువు మీద తేమ నూరు శాతం దాటడం కూడా మామూలే. అందువల్ల ప్రతి తేమ అంకె పక్కన అది ఏ బరువు మీద లెక్కించినదో రాయించుకోవాలి. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి తూచి, 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచిన ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి, మళ్ళీ తూచడం ఖచ్చితమైన పద్ధతి. సూదులు గుచ్చి చూసే మీటరు రోజువారీ తనిఖీకి సరిపోతుంది గాని, జిగురు కలిసిన బోర్డుల మీద దాని రీడింగు నమ్మదగినది కాదు.

బోర్డుల విషయంలో జిగురును కూడా విడదీయాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పార్టికల్ బోర్డు షీటు తీసుకుందాం. ఘనపు మీటరుకు 650 కిలోల సాంద్రత ఉంటే షీటు సుమారు 34.8 కిలోలు తూగుతుంది. 8 శాతం తేమ తీసేస్తే 32.2 కిలోలు. అందులో పదో వంతు యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు అనుకుంటే, అది సాధారణంగా సహజవాయువు నుంచో బొగ్గు నుంచో వచ్చే పదార్థం గనుక దాన్ని మొక్కల కార్బన్‌లో కలపకూడదు. మిగిలిన 29 కిలోల కలపలో 14.5 కిలోల కార్బన్ ఉంటుంది. లామినేషన్, పెయింటు, బందులు, గొళ్ళేలు, అద్దాలు వేటినీ తూకంలో ఉంచకూడదు.

తూచే వీలు లేక ఏడాది కొనుగోళ్ళ ఘనపరిమాణం మాత్రమే చేతిలో ఉంటే ఐపీసీసీ ఇచ్చిన సాధారణ విలువలు వాడవచ్చు. ఘనపు మీటరు సైజు కలపలో పైన్ వంటి సూదిమొన ఆకుల చెట్లదైతే 0.225 టన్నులు, వెడల్పాటి ఆకుల చెట్లదైతే 0.28 టన్నుల కార్బన్. టన్ను కాగితం లేదా అట్టలో 0.386 టన్నుల కార్బన్ అని ఆ పట్టిక చెబుతుంది.

కలప కాని వస్తువులకూ ఇదే దారి. కార్బన్ వాటా మాత్రం మారుతుంది. పత్తి, అవిసె నారల్లో ముఖ్య పదార్థం సెల్యులోజ్, అందులో కార్బన్ 44 శాతం. సహజ రబ్బరులో 88 శాతం. చెరకు ఆల్కహాల్ నుంచి చేసిన పాలిథీన్‌లో దాదాపు 86 శాతం. అది రసాయనికంగా పెట్రోలియం పాలిథీన్‌కు ఏమాత్రం తేడా లేనిది. అందుకే ప్లాస్టిక్ విషయంలో కళ్ళతో చూసి తేల్చలేం, కార్బన్–14 పరీక్ష చేయించాలి. ఈ ఐసోటోపు అర్ధాయువు సుమారు 5,730 ఏళ్ళు కాబట్టి కోట్ల ఏళ్ళ నాటి పెట్రోలియంలో అది మిగలదు, నిన్నమొన్నటి మొక్కలో ఉంటుంది. ఏఎస్‌టీఎం డీ6866 అనే ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలు ఈ వాటాను తేల్చి చెబుతాయి. కొన్ని ప్లాస్టిక్‌లను ‘మాస్ బ్యాలెన్స్’ పద్ధతిలో మొక్కల ఆధారితమని ధ్రువీకరిస్తారు. అక్కడ మొక్కల ముడిసరుకు ఫ్యాక్టరీలో ఎక్కడో కలిసింది గాని మీ చేతిలోని వస్తువులోనే ఉందన్న హామీ లేదు. వస్తువులో నిల్వ అని రాయడానికి అలాంటి ధ్రువపత్రం పనికిరాదు.

ఎన్నాళ్ళు ఉంటుంది

ఒక్కొక్క వస్తువు ఎప్పుడు చెత్తకు చేరుతుందో ఎవరూ చెప్పలేరు గాని, వేల వస్తువులను కలిపి చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ఐపీసీసీ దీన్ని అర్ధాయువుగా చెబుతుంది: వాడకంలో చేరిన కార్బన్‌లో సగం బయటికి పోవడానికి సైజు కలపకు 35 ఏళ్ళు, ప్లైవుడ్ వంటి బోర్డులకు 25 ఏళ్ళు, కాగితానికి 2 ఏళ్ళు. 0.693ని అర్ధాయువుతో భాగిస్తే ఏటా పోయే రేటు వస్తుంది. ఇవి సగటు విలువలు. మీ ఉత్పత్తి ప్యాకింగ్ పెట్టెలకు వాడే కలప అయితే 35 ఏళ్ళు రాసుకోవడం న్యాయం కాదు.

ఈ లెక్క ఏం చెబుతుందో చూడాలంటే, ఏటా 100 టన్నుల కార్బన్ ఉన్న సరుకు పదేళ్ళ పాటు తయారుచేసిన ఫ్యాక్టరీని ఊహించండి. సైజు కలప అయితే, పోసిన 1,000 టన్నుల్లో పదో ఏడు చివర సుమారు 907 టన్నులు వాడకంలోనే ఉంటాయి. కాగితమైతే మిగిలేది దాదాపు 280 టన్నులు. ఆ తర్వాత మరో వందేళ్ళు నడిపినా కాగితం నిల్వ 289 టన్నుల దగ్గరే ఆగిపోతుంది, కలప నిల్వ మాత్రం 5,050 టన్నుల వైపు నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. అడుగున చిల్లు ఉన్న తొట్టిలోకి నీళ్ళు పట్టినట్టే ఇది: పోసేదీ కారేదీ సమానమైన రోజు నుంచి మట్టం పెరగదు.

దీనివల్ల వచ్చే ఫలితం చాలామందికి రుచించదు. ఏటా ఒకే పరిమాణంలో సరుకు తయారుచేసే పాత పరిశ్రమ, తన పాత సరుకు చెత్తకు చేరుతున్న వేగంతోనే కొత్తది పోస్తోంది కాబట్టి, అది కొత్తగా నిల్వ చేస్తున్నది దాదాపు ఏమీ ఉండదు. నిల్వ పెరగాలంటే ఉత్పత్తి పెరగాలి, లేదా వస్తువు ఆయుష్షు పెరగాలి. రెండోదే మేలు, మొదటిది అడవి మీద భారం వేస్తుంది, రెండోది వేయదు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన కార్బన్ తొలగింపు ధ్రువీకరణ నిబంధన కూడా, వస్తువుల్లో నిల్వగా గుర్తించాలంటే కార్బన్ కనీసం 35 ఏళ్ళు నిలవాలని షరతు పెట్టింది.

ఆయుష్షు పెంచే పనులు

కలపను పాడుచేసే శిలీంధ్రానికి కావలసింది నీరు. పొడి బరువు మీద తేమ 20 శాతం దాటకుండా ఉంచితే కుళ్ళు పట్టదు. జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో చెక్క కట్టడాలు పదమూడు శతాబ్దాలకు పైగా నిలిచాయంటే, చూరు బాగా బయటికి రావడం, స్తంభాలు మట్టిని తాకకుండా రాతి మీద నిలబడటం, చెడిన భాగాన్ని విడదీసి మార్చగలిగేలా కీళ్ళు ఉండటం అందుకు తోడ్పడ్డాయి. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టార్నెట్ అనే 85 మీటర్ల కలప భవనంలో పొరలు పొరలుగా అతికించిన దూలాలు వాడారు. అక్కడ కూడా మొదటి జాగ్రత్త నీటిని దూరంగా ఉంచడమే.

కాబట్టి కలప కొనేటప్పుడే చేవ ఉన్న భాగాన్ని తడి తగిలే చోట్లకు, తెల్లచెక్కను లోపలి వాడకానికి కేటాయించాలి. దూలాల కొసలు నీటిని గొట్టాల్లా పీల్చుకుంటాయి. వాటికి మైనమో మందపాటి పెయింటో పట్టించాలి. గోడలో చొప్పించిన కొస చుట్టూ గాలి ఆడేంత సందు వదలాలి. జిగురుతో శాశ్వతంగా అతికించడం కన్నా మరలతో, బోల్టులతో బిగిస్తే విప్పుకొని మళ్ళీ వాడుకోవచ్చు. పాత దూలం పలకలవుతుంది, పలక పొట్టై పార్టికల్ బోర్డవుతుంది. ఇలా చేతులు మారిన ప్రతిసారీ దాన్ని కొత్త నిల్వగా రాయకూడదు. కార్బన్ పాతదే, దాని ఆయుష్షు మాత్రమే పెరిగింది.

చెదలు పట్టకుండా మందు పెట్టిన కలపకు ఏ మందు ఎప్పుడు పెట్టారో చీటీ అంటించి ఉంచాలి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు పెట్టిన కలపను కాలిస్తే విషం బూడిదలోనూ పొగలోనూ చేరుతుంది, పొట్టు చేసి బోర్డుగా మారిస్తే ఇంట్లోకి వస్తుంది. చీటీ లేని పాత కలప చివరికి అందరినీ ఇబ్బంది పెడుతుంది.

ల్యాండ్‌ఫిల్: ఒక్క అంకె మీద ఆధారపడిన లెక్క

చెత్త కుళ్ళి మాయమవుతుందన్నది అందరి నమ్మకం. ఆరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే 1970లలో మొదలుపెట్టిన చెత్త పరిశోధన ఈ నమ్మకాన్ని దెబ్బతీసింది. ల్యాండ్‌ఫిల్‌లను తవ్వినప్పుడు దశాబ్దాల నాటి వార్తాపత్రికలు చదవగలిగే స్థితిలో బయటపడ్డాయి. సిడ్నీలో 46 ఏళ్ళ కిందట పూడ్చిన కలపను తవ్వి పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అది తన కార్బన్‌లో ఐదో వంతు కన్నా తక్కువే కోల్పోయిందని 2008లో ప్రచురించారు. గాలి ఆడని చోట, కలపకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొట్టగల సూక్ష్మజీవులు దాదాపు లేవు. కలపలో సెల్యులోజ్ ఆ లిగ్నిన్‌తో పెనవేసుకొని ఉంటుంది కాబట్టి దానికీ రక్షణ దొరుకుతుంది.

కాగితంలో ఇది విచిత్రమైన తేడా చూపిస్తుంది. కలపను నూరి చేసే వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ అలాగే ఉంటుంది, ఎండలో పసుపెక్కేది అందుకే. ఆఫీసుల్లో వాడే తెల్ల కాగితం నుంచి లిగ్నిన్‌ను రసాయనాలతో తీసేస్తారు. ఫలితంగా ల్యాండ్‌ఫిల్‌లో చవక కాగితం నిలుస్తుంది, ఖరీదైన తెల్ల కాగితం కుళ్ళి మీథేన్ ఇస్తుంది. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో మోర్టన్ బార్లాజ్ బృందం ప్రయోగశాల పరీక్షల్లో ఈ తేడాను కొలిచి చూపింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక టన్ను కలప చెత్తలో, ఐపీసీసీ సాధారణ విలువ ప్రకారం తడి బరువులో 43 శాతం, అంటే 430 కిలోలు, కుళ్ళే అవకాశం ఉన్న కార్బన్. ఇందులో నిజంగా కుళ్ళేది ఎంత అన్నదే అసలు ప్రశ్న. 2006 మార్గదర్శకాల్లో అన్ని రకాల చెత్తకూ కలిపి సగం అన్నారు. 2019లో చేసిన సవరణలో కలపకు పదో వంతు, కాగితానికి సగం, ఆహార వ్యర్థాలకు పదింట ఏడు వంతులు అని విడదీశారు.

పదో వంతు తీసుకుంటే కుళ్ళేది 43 కిలోలు, మిగిలేది 387 కిలోలు. గాలి ఆడని లోతైన పూడికలో కుళ్ళిన కార్బన్‌లో సగం మీథేన్ అవుతుందనుకుంటే, 21.5 కిలోల కార్బన్ నుంచి 28.7 కిలోల మీథేన్ వస్తుంది. పై మట్టిపొరలో పదో వంతు ఆక్సీకరణ చెందినా 25.8 కిలోలు గాలిలోకి వెళతాయి. వందేళ్ళ లెక్కన మొక్కల నుంచి వచ్చే ఈ రకం మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లు వేడిమి కలిగిస్తుంది కాబట్టి, ఇది 697 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. మిగిలిన 387 కిలోల కార్బన్ 1,419 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. నిల్వే పైచేయి.

అదే టన్నుకు పాత విలువ, అంటే సగం, తీసుకోండి. నిల్వ 788 కిలోలకు పడిపోతుంది. మీథేన్ భారం 3,480 కిలోలు దాటుతుంది. చెత్త అదే, గొయ్యి అదే, ఒక్క విలువ మారితే మేలు కీడైపోయింది. వాయువును సేకరించని చోట ఈ రెండూ సమానమయ్యే బిందువు సుమారు 18 శాతం దగ్గర వస్తుంది: పూడ్చిన కార్బన్‌లో అంతకన్నా ఎక్కువ కుళ్ళితే పూడ్చడం వల్ల నష్టమే. పుట్టిన మీథేన్‌లో 75 శాతాన్ని గొట్టాలతో లాగి మండించగలిగితే ఈ బిందువు 47 శాతం దాకా జరుగుతుంది. అంటే సగం కుళ్ళే కాగితం, వాయువు సేకరణ బాగా ఉన్న చోట కూడా లాభనష్టాల అంచు మీదే ఉంటుంది. ఇరవై ఏళ్ళ లెక్కన మీథేన్ 80 రెట్ల దాకా బరువైనది గనుక, తొందరగా వేడిమి తగ్గించాలనుకునే వారికి అంచు ఇంకా ఇరుకవుతుంది. డర్బన్‌లో ల్యాండ్‌ఫిల్‌కు వెసులుబాటు ఇవ్వకపోవడంలోని జాగ్రత్త ఇప్పుడు అర్థమవుతుంది.

పూడ్చవలసి వస్తే

మళ్ళీ వాడలేని, బోర్డుగా మార్చలేని, కాల్చకూడని కలపకే ల్యాండ్‌ఫిల్ చివరి గమ్యం కావాలి. నిల్వ పేరు చెప్పి మంచి కలపను పూడ్చడం సమర్థనీయం కాదు. దాన్ని సిమెంటు, ఉక్కు బదులు వాడితే తగ్గే ఉద్గారాల మేలు కూడా చేజారిపోతుంది.

పూడ్చేటప్పుడు కలపను ఆహార వ్యర్థాలతో, తోట చెత్తతో కలపకుండా విడి సెల్‌లో, అంటే ల్యాండ్‌ఫిల్‌లో వేరుగా కట్టిన గదిలాంటి గోతిలో వేయాలి. తడి చెత్తలోని తేమ, సూక్ష్మజీవులు, పోషకాలు కలిస్తే కుళ్ళే శాతం పెరుగుతుంది. ఐపీసీసీ పట్టికలో తేమ ఎక్కువగా ఉండే ఉష్ణమండలంలో ఆహార వ్యర్థాల కుళ్ళు రేటు ఏడాదికి 0.4 అయితే కలపది 0.035 మాత్రమే, ఇంత తేడా ఉన్న రెంటినీ ఒకే గోతిలో వేసి ఒకే వాయు గొట్టంతో నడపడం రెంటికీ నష్టం. జిప్సం బోర్డులను ఈ సెల్ దరిదాపులకు రానివ్వకూడదు. జిప్సంలోని సల్ఫేటు, కుళ్ళే పదార్థం, నీరు కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన వచ్చే ఆ వాయువు విషం కూడా.

అడుగున పొర, పైన బంకమట్టి కప్పు, వాన నీరు జారిపోయే వాలు ఉండాలి. చెత్త నుంచి ఊరే మురుగునీటిని తిరిగి పైనుంచి పోసి కుళ్ళును వేగిరపరిచే ‘బయోరియాక్టర్’ పద్ధతి వాయువు ఉత్పత్తికి పనికొస్తుందేమో గాని నిల్వకు పూర్తిగా విరుద్ధం. వాయు సేకరణను సెల్ నిండేదాకా వాయిదా వేయకుండా, చెత్త వేస్తున్న దశలోనే మొదలుపెట్టాలి. తెరిచి వదిలేసిన లోతు తక్కువ డంపింగ్ యార్డుల్లో గాలి ఆడటం వల్ల మీథేన్ తక్కువ పుడుతుంది; ఐపీసీసీ దానికి పూర్తి విలువలో 0.4 వంతే వేస్తుంది. అయితే అక్కడ కార్బన్ నిలవదు, కుళ్ళి కార్బన్ డయాక్సైడ్‌గానో, తరచుగా అంటుకునే మంటల్లోనో పోతుంది. అక్కడ నిల్వ అనే పద్దు రాయకపోవడమే నిజాయితీ.

కొన్నేళ్ళకు ఒకసారి సెల్‌లో బోరు వేసి నమూనా తీసి, సెల్యులోజ్, హెమీసెల్యులోజ్‌ల మొత్తాన్ని లిగ్నిన్‌తో పోల్చి చూడాలి. కుళ్ళు సాగుతున్న కొద్దీ మొదటి రెండూ తగ్గి లిగ్నిన్ మిగులుతుంది కాబట్టి ఈ నిష్పత్తి పడిపోతుంది. పూడ్చిన రోజున అదే సరుకు నమూనాను పొడిగా భద్రపరిచి ఉంటేనే ఈ పోలిక సాధ్యం. ఆ చిన్న సంచీ దాచడం మరిచిపోయే వారే ఎక్కువ.

ఇంకా గట్టిగా నిలపాలనుకుంటే

మొక్కల వ్యర్థాన్ని గాలి లేకుండా వేడిచేస్తే వచ్చే బయోచార్ కలప కన్నా ఎంతో స్థిరమైనది. వందేళ్ళ తర్వాత మిగిలే వాటాను ఐపీసీసీ 2019లో తయారీ ఉష్ణోగ్రతను బట్టి ఇచ్చింది: 350 నుంచి 450 డిగ్రీల మధ్య అయితే 0.65, 450 నుంచి 600 మధ్య 0.80, అంతకు మించితే 0.89. దీన్ని కాంక్రీటులో, రోడ్డు తారులో కలిపి వస్తువుగా కూడా నిలపవచ్చు. అయితే ముడిసరుకులోని కార్బన్‌లో చాలా భాగం తయారీలోనే వాయువుగా పోతుంది. ఆ నష్టాన్ని లెక్కలో చూపాలి.

దుంగలను నేరుగా బంకమట్టిలో పూడ్చే పద్ధతిని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన నింగ్ జెంగ్ 2008 నుంచి ప్రతిపాదిస్తున్నారు. కెనడాలోని క్విబెక్‌లో రెండు మీటర్ల లోతున బంకమట్టిలో దొరికిన 3,775 ఏళ్ళ నాటి ఈస్టర్న్ రెడ్ సెడార్ (జునిపర్ జాతి చెట్టు) దుంగ, తన కార్బన్‌లో 5 శాతం కూడా కోల్పోలేదని ఆయన బృందం 2024లో ప్రకటించింది. బంకమట్టి ఆక్సిజన్‌ను ఎంత బాగా ఆపగలదో చూపడానికి ఇది గట్టి సాక్ష్యం. అయినా కుళ్ళిపోయిన దుంగలు తవ్వకాల్లో దొరకవు కదా! ఒక్క దుంగను చూసి అన్ని గోతులకూ అదే అంకె రాసుకోవడం తగదు.

పత్రంలో ఏం రాయాలి

భవన ఉత్పత్తుల పర్యావరణ ప్రకటనలకు వాడే ఈఎన్ 15804 ప్రమాణం, మొక్కల కార్బన్ వస్తువులోకి వచ్చినప్పుడు తీసివేతగా, వస్తువు జీవితం ముగిసినప్పుడు కూడికగా చూపించమంటుంది. శాశ్వత నిల్వగా మినహాయించుకోవడానికి ఒప్పుకోదు. వస్తువులోని, ప్యాకింగ్‌లోని కార్బన్ బరువులను మాత్రం వేరుగా ప్రకటించమంటుంది. మీరు ఆ ప్రమాణం కింద లేకపోయినా ఈ విడదీత పాటించడం మంచిది. తయారీ దశ వరకే లెక్క చూపి, తీసివేతను ముందు పెట్టి, చివరి కూడికను దాటవేసిన ప్రకటనలు కనిపిస్తుంటాయి. అలాంటి పత్రంలో వస్తువు ఎంత బరువుగా ఉంటే అంత మంచిదన్నట్టు తేలుతుంది.

మీ పత్రంలో పొడి బరువు, తేమ ఏ పద్ధతిలో తీశారన్నది, జిగురు వాటా, వాడిన అర్ధాయువు, వాడకం తీరాక వస్తువు ఎటు పోతుందన్న అంచనా, ల్యాండ్‌ఫిల్ అయితే కుళ్ళే శాతం, వాయు సేకరణ శాతం, మీథేన్‌కు వందేళ్ళ విలువ వేశారా ఇరవై ఏళ్ళదా అన్నది స్పష్టంగా ఉండాలి. నిల్వను, మీథేన్ భారాన్ని ఒకదానిలోంచి ఒకటి తీసేసి ఒకే అంకెగా ఇవ్వకుండా, రెండు పద్దులుగా పక్కపక్కన చూపాలి. కుళ్ళే శాతాన్ని 5, 10, 20 అని మూడు విధాలుగా వేసి ఫలితాలు మూడూ ఇస్తే, 18 శాతం అంచు ఏ వైపు ఉందో చదివేవారు తామే చూసుకోగలుగుతారు. బోరు నమూనాల ఫలితాలు, వాయు మీటరు రీడింగులు వచ్చిన ప్రతిసారీ పాత అంకెను కొట్టివేయకుండా పక్కన తేదీతో ఉంచి, కొత్తది రాయాలి.